ఏడో పాట కోసం గతౌరా దాకా

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు ఇళ్ళకు ఒక వ్యసనం ఉంది. ఊరికి వెళ్ళొచ్చినవాళ్ళు చింతపండు, అప్పడాలతోపాటు ఒక కేసెట్టు కూడా తెస్తారు. సినిమా పాటలది కాదు, పెద్ద కంపెనీల భక్తి పాటలదీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో ఎవరో తమ ఖర్చుతో పాడి, అట్టపెట్టెలో పెట్టుకుని జాతరల్లో అమ్ముకునేవి. పార్వతీపురం దగ్గరి భార్యాభర్తల హరికథ, సాలూరు వైపు ఒక పోస్టుమ్యాన్ పాడిన తత్వాలు అలాగే మా దాకా వచ్చాయి. రెండూ వినదగ్గవి. కానీ వాటన్నిటికంటే నాకు ఇష్టమైనది ఒక ఆడమనిషి పాడిన ఏడు పాటల కేసెట్టు. దాని అట్ట మీది కాగితం మొదటి ఏడాదే ఎవరింట్లోనో పోయింది. ఆ తర్వాత అందరూ దాన్ని ‘గవరయ్య గారి కేసెట్టు’ అనడం మొదలుపెట్టారు.

గవరయ్య గారు లోకోషెడ్‌లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మా శనివారం భజనకు ఆయనే పెద్ద. మంచి మనిషి. ఎవరు అడిగినా కాదనకుండా కేసెట్టు కాపీ చేసి ఇస్తారు. ఖరగ్‌పూర్‌కు బదిలీ అయిపోయిన ఒక ఫిట్టరు దగ్గర ఈ ఏడు పాటలు ఎక్కించుకున్నది ఆయనే. కాకపోతే పాటలకు ముందు మైకు దగ్గర నోరు పెట్టి, “ఈ పాటలు మీకు వినిపిస్తున్నవారు గవరయ్య, తార్‌బహార్, బిలాస్‌పూర్” అని చెప్పారు. ఆయన దగ్గర కాపీ తీసుకున్నవాళ్ళు ముందుగా తమ పేరు చెప్పి, ఆపైన ఆయన పేరుతో సహా మొత్తం ఎక్కించుకున్నారు. వాళ్ళ దగ్గర తీసుకున్నవాళ్ళూ అంతే. ఒకాయన పిల్లల పేర్లు చెప్పించాడు. మా ఆయన కూడా తన పేరు, గూడ్స్ గార్డని తన ఉద్యోగం, నా పేరు కలిపి చెప్పారు. ఇదంతా ప్రేమతో చేసిన పనే. ఒకరికి మంచి పాట చెప్పాం అన్న సంతోషం. కానీ కేసెట్టు పొడవు పెరగదు కదా. ముందు పేర్లు పెరిగినకొద్దీ వెనక పాట తెగుతూ వచ్చింది. గవరయ్య గారి మొదటి కేసెట్టు అరిగి తెగిపోయాక ఆయన కూడా మాబోటివాళ్ళ కాపీ నుంచే మళ్ళీ ఎక్కించుకున్నారు. చివరికి ఊళ్ళో ఎవరి దగ్గరా ఏడో పాట చివరిదాకా మిగల్లేదు.

ఏడో పాట హారతి పాట. మొదట్లో ఒకసారి గవరయ్య గారింట్లో విన్నాను. ప్రసాదాల హడావిడిలో చివరి మాటలు నా చెవిన పడలేదు. ఇప్పుడు మా కేసెట్టులో అది “కంకర గుచ్చును కాళ్ళకు త” అన్నంతవరకు వచ్చి టక్కున ఆగిపోతుంది. దీపం పెట్టుకుని విన్న ప్రతిసారీ పూజ మధ్యలో ఎవరో చెయ్యి పట్టుకుని లాగేసినట్టుండేది. నేనే సన్నగా వేరే మంగళహారతి పాడుకుని లేచేదాన్ని.

మొన్న మాఘమాసంలో ఒకనాడు మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ అన్నారు.

“ఏటే, నీ కేసెట్టు ఈవేళ గతౌరాలో విన్నాను.”

“ఎవరింట్లో పెట్టారు?”

“పెట్టడమేటి, పాడుతుంటే విన్నాను. సిగ్నల్ పడక గూడ్సు చివరి నా బ్రేకు బండి సరిగ్గా క్వార్టర్ల పక్కన ఆగింది. ఒక ముసలమ్మ బట్టలుతుకుతూ పాడతంది. అదే గొంతు. నాలుగో పాటలో ఇంజను కూత ఒకటి లేదంతే.”

మా కేసెట్టులో నాలుగో పాట మధ్యలో యార్డులోని షంటింగ్ ఇంజను కూత ఒకటి ఉంటుంది. రెండు టేపురికార్డర్లు ఎదురెదురుగా పెట్టి కాపీ చేస్తున్నప్పుడు ఎవరింట్లోనో పడింది. ఇప్పుడు భజనలో అందరూ అక్కడ ఒక్క క్షణం ఆగి, కూత వచ్చాకే చప్పట్లందుకుంటారు. కూత లేకుండా పాడిందంటే ఆ మనిషి మా కేసెట్టు విని నేర్చుకున్నది కాదు. ఆ పాటలు ఆవిడవే అయి ఉండాలి. ఆవిడ చేత ఏడో పాట పాడించాలి, పాడిందెవరో మా భజనకు తెలియాలి. అలా మొదలైంది నా ప్రయాణం.

శనివారం పొద్దున పూజ చేసుకుని, తార్‌బహార్ నుంచి స్టేషన్‌కు నడిచి వెళ్ళాను. చాంపా వైపు వెళ్ళే పొద్దుటి పాసింజరు ఎనిమిది ప్రాంతంలో బయల్దేరుతుంది. టికెట్టు రెండు రూపాయలు. గతౌరా దగ్గరే, పావుగంటలో దిగవచ్చు. బొగ్గు బళ్ళకు దారివ్వడానికి ఆపితే మాత్రం గంటైనా ఆశ్చర్యం లేదు. సంచిలో మా చిన్న టేపురికార్డరు, ఏడు పాటల కేసెట్టు పెట్టుకున్నాను. ఆ టేపురికార్డరు వినడానికి తప్ప పనికిరాదు, రికార్డు మీట ఎప్పుడో విరిగింది. స్టేషన్ బయటి దుకాణంలో కొత్త ఖాళీ కేసెట్టు కూడా ఒకటి కొన్నాను. ఆడవాళ్ళ పెట్టెలో ఖాళీ పాల క్యాన్లతో ఊళ్ళకు తిరిగి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. నా పక్కనున్నామె గతౌరాదే. క్వార్టర్లలో ఉండే తెలుగు ముసలమ్మ తెలుసా అని హిందీలో అడిగాను.

“ఓ తో బిహనియా లే గాథే,” అంది నవ్వి, ఛత్తీస్‌గఢీలో. పొద్దు పొడిచిన దగ్గర్నుంచీ పాడుతూనే ఉంటుందట. “మా గేదెలు కూడా ఆమె గొంతుకు అలవాటు పడ్డాయి, బహిన్‌జీ” అని హిందీలో కలిపింది.

గతౌరా చిన్న స్టేషను. దిగాక ప్లాట్‌ఫారం చివర బోరింగు, దాని వెనక క్వార్టర్ల వరస. నల్లటి బొగ్గు పొడి ఆకుల మీద కూడా ఉంటుంది కాబట్టి లేతరంగు చీర కట్టుకు రాకండి. చివరి క్వార్టరు ముందు ఒకావిడ చేటలో బియ్యం ఏరుతోంది. నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటుంది. పేరు సూరమ్మ. కొడుకు అక్కడ కీమ్యాన్. లైను వెంట నడిచి పట్టాల కీలు సరిచూసే పని. ఆ వేళ అతను డ్యూటీలో ఉన్నాడు, కోడలు కన్నవారింటికి వెళ్ళింది.

నేను ఎందుకు వచ్చానో చెబితే ఆవిడ చేట పక్కన పెట్టింది.

“ఓలమ్మా, ఆ కేసెట్టు ఇంత దూరమొచ్చీసిందేటి?”

“మా బిలాస్‌పూర్‌లో ప్రతి ఇంట్లో ఉందండీ.”

“నా దగ్గరే లేదు. మా సెల్లెలి కొడుకు ఇని ఇస్తానని పట్టుకెల్లిపోనాడు. ఆడూ రాలేదు, కేసెట్టూ రాలేదు.”

ఆవిడ భర్త ఆమదాలవలస దగ్గర పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మ్యాన్‌గా పనిచేసేవాడు. భార్య పాటలు కేసెట్టు చేయించాలని ఆయన పట్టుదల. శ్రీకాకుళంలో పెళ్ళిళ్ళకు మైకులు కట్టే దుకాణం వెనకగదిలో పాడించి, ఒక అట్టపెట్టెడు కేసెట్లు తీయించాడు. అందుకోసం సైకిలు అమ్మేశాడు. తర్వాత బతికినన్నాళ్ళూ గ్యాంగు దగ్గరికి నడిచే వెళ్ళాడట.

“ఆకరి పాట నేను కట్టినదే. అందులో పేరెట్టుకోవే అన్నాడు మా ఆయన. సిగ్గేసి వద్దన్నాను. నీ పేరు నువ్వే సెప్పకపోతే రేపొద్దున ఎవలు పాడినారంటే జనం ఏటి సెప్తారు, అని కేకలేసినాడు. అప్పుడెట్టినాను.” కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఇనిపించమ్మా. ఆ పేరున్న కాడ ఒక్కపాలి ఇంటాను.”

నేను కేసెట్టు పెట్టాను. మొదట పేర్లు మొదలయ్యాయి. ముందు మా ఆయన, నా పేరు, తర్వాత ఒకాయన, ఇంకొకాయన, పిల్లలు. నాకు తల ఎత్తాలనిపించలేదు. సూరమ్మ మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింది.

“ఇదేటమ్మా, పెళ్ళిలో సదివింపులు సదువుతున్నట్టున్నారు? పెళ్ళికూతురు ఏదీ?”

“వస్తుందండీ, ఇంకొక్క నిమిషం.”

పాట వచ్చింది. ఆవిడ తన గొంతు విని ముందు నవ్వింది, తర్వాత కళ్ళు మూసుకుంది. నాలుగో పాటలో కూత రాగానే ఉలిక్కిపడి లైను వైపు చూసింది. బండేమీ రాలేదు.

“నాకంటే ఇదే శుతిలో ఉంది,” అంది.

ఆరు పాటలయ్యాయి. బ్యాటరీలు కూడా అయిపోవచ్చాయి, గొంతు సాగదీసినట్టు వస్తోంది. ఏడో పాట మొదలై, ‘కాళ్ళకు త’ దగ్గర టక్కున ఆగింది. ఆవిడ మీట వైపు చూస్తూ కూర్చుంది.

“మిగిలింది?”

“లేదండీ. ఎవరి దగ్గరా లేదు.”

“అంతమంది పేర్లకి సోటు దొరికింది కాదేటి,” అంది నెమ్మదిగా. కోపంగా అన్నా బాగుండేది.

ఆ మిగిలింది ఇప్పుడు నాకు పాడి వినిపించమని అడిగాను. ఒప్పుకోలేదు. హారతి పాట పగటిపూట ఊరికే పాడదట. దీపం పెట్టి, నలుగురూ ఉన్నచోట పాడాలి. రోజుకు ఒక్కసారే. అప్పుడు నేను సాయంత్రం భజన సంగతి చెప్పాను. గవరయ్య గారి దగ్గర పెద్ద టేపురికార్డరు ఉంది, మీరు వచ్చి పాడితే రికార్డు చేయిద్దాం, రేపటి నుంచి అందరి ఇళ్ళలోనూ మీ పేరుతోనే వినిపిస్తుంది అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఆవిడ ట్రంకుపెట్టెలోంచి కొత్త చీర తీసింది.

మధ్యాహ్నం నాకు బచ్చలికూర పప్పు వండి పెట్టింది. శనివారం నేను ఉల్లిపాయ తిననని చెప్పకుండానే గ్రహించి, అది లేకుండానే తాలింపు వేసింది. గతౌరాలో భోజనం దొరికే హోటలు లేదు, టీ, సమోసాలే గతి. వెళ్ళేవాళ్ళు ఏదైనా కట్టుకు వెళ్ళడం మంచిది. తిరుగు పాసింజరు మూడున్నరకు రావాలి, ఐదు దాటాక వచ్చింది. బెంచీ మీద కూర్చున్నంతసేపూ సూరమ్మ లోలోపల పాడుకుంటూనే ఉంది. పేరున్న చరణం దగ్గరికొచ్చేసరికి పెదాలు మాత్రం కదిపేది, గొంతు బయటికి రానిచ్చేది కాదు.

స్టేషన్ నుంచి భజన హాలుకు నడవగలిగే దూరమే అయినా, ఆవిడ కోసం రిక్షా మాట్లాడాను. ఐదు రూపాయలు. రిక్షా అతను వెనక్కి తిరిగి, “తెలుగు భజనకా మాతాజీ? ఇంజన్ కూసే పాట ఉంటుంది కదా, అదేనా?” అని హిందీలో అడిగాడు. సూరమ్మ నా మోచేతి మీద గిల్లింది.

“సూసినావా, దాని పేరు అందరికీ తెలిసిపోనాది.”

హాల్లో గవరయ్య గారు అప్పటికే కేసెట్టు పెట్టి ఉన్నారు. పేర్లు వినిపిస్తున్నాయి. ఎవరి పేరు వచ్చినప్పుడు వాళ్ళు కాస్త నిటారుగా కూర్చోవడం ఆ రోజే గమనించాను. నేను ఆయన దగ్గరికి వెళ్ళి, ఈ పాటలు పాడిన మనిషిని తీసుకొచ్చానని చెప్పాను. నా గొంతు మామూలుగానే చిన్నది, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

“అచ్ఛా! ఈవిడేనా?” ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు. “అమ్మా, మా కేసెట్టులో గొంతు మీదేనా? ఎన్నేళ్ళుగా వినిపిస్తున్నాను ఈ ఊరికి! రండి, రండి, ముందు కూర్చోండి.”

ఆ మర్యాదలో ఏ లోపమూ లేదు. దీపం వెలిగించారు. నేను కొత్త కేసెట్టు తీసి ఇచ్చాను. ఆయన దాని మీది జిలుగు కాగితం కూడా విప్పకుండా నా చేతిలోనే తిరిగి పెట్టారు.

“ఒక్క పాటకి కొత్తది ఎందుకు పాడుచెయ్యడం వదినగారూ? హరికథ కేసెట్టు వెనకవైపు చివర కాస్త ఖాళీ ఉంది. సరిగ్గా ఒక పాట పడుతుంది. కొత్తది దాచుకోండి, పనికొస్తుంది.”

“సరిపోతుందంటారా?”

“నాకు వదిలెయ్యండి. ఇన్నేళ్ళుగా చేస్తున్నదే కదా.”

టేపు సరిచేసి, మీట నొక్కి, ఆయన గొంతు సవరించుకున్నారు. “ఈ పాట మీకు వినిపిస్తున్నవారు గవరయ్య, తార్‌బహార్, బిలాస్‌పూర్.” అని మైకు పక్కాయనకు అందించారు. నేను వంగి, ఆయనకు మాత్రమే వినపడేలా అన్నాను.

“గవరయ్య గారూ, పేర్లు పాట అయ్యాక చెప్పుకోవచ్చు కదండీ?”

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. “అదెలాగమ్మా? ముందు పేర్లు లేకపోతే ఎవరి కేసెట్టో జనానికి ఎలా తెలుస్తుంది?”

మైకు చేయి మారుతూ వెళ్ళింది. టేపు తిరుగుతూనే ఉంది. సర్కండా నుంచి వచ్చినాయన తన పేరుతోపాటు తమ్ముడి పేరూ చెప్పాడు, తమ్ముడు ఆ రోజు రాలేదు. నా దగ్గరికి వస్తే నేను తల ఊపి పక్కకు ఇచ్చేశాను. చివరికి గవరయ్య గారే మైకు తీసుకెళ్ళి సూరమ్మ నోటి దగ్గర పెట్టారు.

“మీరూ చెప్పండమ్మా, మొహమాటపడకండి. అందరితోపాటే.”

“నేనెందుకు బాబూ, పాటలో ఉంది కదా.”

“పాటలో ఉంటే ఉంటుంది. ఇక్కడ కూడా ఉండాలి. చెప్పండి.”

“సూరమ్మ. గతౌరా,” అంది.

ఆపైన పాడింది. ఆ గొంతు గురించి నేను రాయగలిగింది తక్కువ. అమ్మవారు పట్టాల పక్కన నడిచి వస్తుంటే, కంకర రాళ్ళ మీద ఆ పాదాలు ఎలా పడతాయో అని భయపడే పాట. గ్యాంగ్‌మ్యాన్ భార్య తప్ప వేరేవాళ్ళు కట్టలేరు. మా పక్కింటి ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ‘కంకర గుచ్చును కాళ్ళకు తల్లీ’ అన్న మాట ఇన్నేళ్ళకు పూర్తిగా విన్నాను. నేను ఆ సంతోషంలో ఉండగానే టేపురికార్డరు మీట టక్కున పైకి లేచింది.

చాలామందికి పాట అయిపోయిందనే అనిపించింది. వాళ్ళకు అలవాటైన చోటుకి కాస్త అవతలే ఆగింది మరి. చప్పట్లు కొట్టారు. ఎవరో ప్రసాదం పళ్ళెం జరిపారు. సూరమ్మ మాత్రం ఆపలేదు. హారతి సగంలో ఆపకూడదు కదా. ఆ చప్పట్ల కింద చివరి రెండు వరసలూ పాడింది. దగ్గరగా కూర్చున్నాను కనుక నేను విన్నాను.

‘కంకర గుచ్చును, కాసేపాగవె, కదలకు చల్లని తల్లీ
సూరమ్మ కొంగు పరిచినాదమ్మా, సుతిమెత్తంగా నడువే’

గవరయ్య గారు కేసెట్టు వెనక్కి తిప్పి వినిపించారు. పేర్లన్నీ స్పష్టంగా పడ్డాయి. “వాహ్!” అన్నారు. ‘సూరమ్మ, గతౌరా’ అని వినపడగానే ఆవిడ వైపు తిరిగి ఎంతో ఆప్యాయంగా, “చూశారా, మీ పేరు కూడా వచ్చేసింది. ఇంక మీరూ మాలో ఒకరు” అన్నారు. చివర తెగిపోయిందని నేను చెబితే, “ఆ కాస్తకేం, మళ్ళీ పాడతారు, పాడండమ్మా” అన్నారు.

“పాడీసినాను కదా బాబూ,” అంది సూరమ్మ. “హారతి రెండోపాలి ఇవ్వకూడదు.”

ఆవిడను దిగబెట్టడానికి నేనూ మా ఆయనా రాత్రి పాసింజరు దాకా వెళ్ళాం. మా ఆయన టికెట్టు కొని ఇచ్చారు. బండి కదిలే ముందు నేను క్షమించమన్నాను.

“నువ్వేటి సేసినావమ్మా? మంచిదే అయింది. పాడినోల్లలో పేరు లేకపోతే ఏటి, ఇనిపించినోల్లలో ఉంది కదా. నా పాట నేనే జనానికి ఇనిపించినాను, గవరయ్య గారి తరవాత.” నవ్వుతూనే అంది. కిటికీ రెక్క కిందికి దించేసుకుంది.

అది జరిగి మూడు నెలలయింది. ఆ పాట ఇప్పుడు మా కాలనీల్లో చాలా ఇళ్ళకు చేరింది. ముందు మరో నాలుగైదు పేర్లు చేరినట్టు విన్నాను. అంటే సూరమ్మ గొంతు ఇంకాస్త ముందే ఆగిపోతోందన్నమాట. మంచి పాటను నలుగురికీ చెప్పడం పుణ్యమని నేను ఇప్పటికీ నమ్ముతాను. మా ఇళ్ళ వాళ్ళకు ఆ పాటల మీద ప్రేమ లేదని కూడా అనను. కానీ ఆ ప్రేమ పాట దాకా వెళ్ళి, పాడిన మనిషి దాకా వెళ్ళకుండా ఆగిపోయింది. దేవుడి ముందు దీపం పెట్టి, ఆ వెలుగులో ఒకరి మొహం ఒకరం చూసుకుని తృప్తిపడ్డట్టయింది. ఆ శనివారం తర్వాత నేను భజనకు వెళ్ళడం మానలేదు, కేసెట్టు పెట్టినప్పుడు మాత్రం లేచి బయటి అరుగు మీద కూర్చుంటున్నాను. ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మీలో ఎవరైనా ఈ పాటల కోసం ఇటు రావాలనుకుంటే విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరి, అక్కడ బిలాస్‌పూర్ బండి ఎక్కండి. కానీ బిలాస్‌పూర్‌లో కాపీ చేయించుకోకండి. మధ్యాహ్నం పాసింజరుకు గతౌరా వెళ్ళి, దీపం పెట్టే వేళకు చివరి క్వార్టరు ముందు ఉండండి. కొత్త కేసెట్టు తీసుకువెళ్ళండి, ఆవిడ పాడటం మొదలుపెట్టాకే మీట నొక్కండి. మీ పేరు మాత్రం ఇంట్లోనే వదిలి రండి.